ఆరు కిలోల దేశద్రోహం

"ఈ ఏడు చెర్రీలు మరీ పుల్లగా ఉన్నాయి."

ఖాళీ సీసాలు పారేసే డబ్బాల దగ్గర నిలబడి, ఆకుపచ్చ సీసాలు ఒక కంతలోనూ తెల్ల సీసాలు మరో కంతలోనూ వేస్తున్న పెద్దావిడ తలెత్తకుండానే అంది.

"పుల్లవైతే జామ్ చేసుకోండి" అన్నాడు ఏజెంట్ ఫ్లురిన్ కాడుఫ్.

"పోయినేటి జామే ఇంకా అయిపోలేదు."

సంకేతం కలిసింది. ఆవిడ ఫ్రౌ ఎగ్లోఫ్, అంటే ఎగ్లోఫ్ గారు. స్విట్జర్లండ్ గూఢచారి శాఖలో ఒక విభాగానికి చీఫ్. జూరిక్ నగరంలో ఆవిడకి చక్కటి ఆఫీసు ఉంది. కానీ అసలు బ్రీఫింగులన్నీ ఇక్కడే ఇస్తుంది. సీసా పగిలే చప్పుడులో ఏ మైక్రోఫోనుకీ మాట వినబడదని ఆవిడ నమ్మకం.

"కాడుఫ్, రేపు మధ్యాహ్నం పన్నెండింటికి కేంద్ర బ్యాంకు మూత తీసేస్తోంది."

ఫ్లురిన్ చేతిలోని సీసా జారబోయింది.

మూత సంగతి ఆ దేశంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. మూడేళ్ళ క్రితం లోకంలో ఉన్న డబ్బున్నవాళ్ళంతా బెంబేలెత్తి, తమ సొమ్ము తెచ్చి స్విస్ ఫ్రాంకుల్లో దాచుకోవడం మొదలుపెట్టారు. అందరూ కొనేసరికి ఫ్రాంకు పాలు పొంగినట్టు పొంగింది. మా సరుకు ఇక ఎవడు కొంటాడని ఫ్యాక్టరీలవాళ్ళు గోల పెట్టారు. అప్పుడు కేంద్ర బ్యాంకు అడ్డం పడింది. యూరోకి ఒక ఫ్రాంకూ ఇరవై పైసలు, ఫ్రాంకుని అంతకంటే బలవనివ్వను అంది. అదే మూత.

"తీస్తే?" అన్నాడు.

"పది నిమిషాల్లో ఫ్రాంకు ఐదో వంతు బలుస్తుంది. ముందే తెలిసినవాడు పన్నెండుకి ముందు కొని, తర్వాత అమ్ముకుంటే వేల కోట్లు. ఆ వేల కోట్లూ పోయేది మన బొక్కసంలోంచి. బ్యాంకులో ముగ్గురికి తెలుసు. నాకు తెలుసు. ఇప్పుడు నీకు."

మిషన్ చిన్నదే. సరిహద్దుకి అవతల, జర్మనీలోని కాన్‌స్టాంజ్ ఊళ్ళో, రేవు పక్క కఫేలో పొరుగు దేశపు బ్యాంకు దూత కూర్చుని ఉంటాడు. ఆయనకి మర్యాదగా ఈ మాట ముందే చెప్పాలి. కాగితం లేదు, ఫోన్ లేదు. నోటితో చెప్పి రావాలి.

"కెస్ట్రెల్ ముఠా ఈ ఒక్క మాట కోసమే తిరుగుతోంది. పైగా మన శాఖలో ఎవరో వాళ్ళకి అమ్ముడుపోయారు." ఎగ్లోఫ్ ఒక బెల్టు అందించింది. "బకిల్‌లో బీకన్ ఉంది. నువ్వెక్కడున్నా నాకు తెలుస్తుంది. సరిహద్దు దాటితే మాత్రం పనిచెయ్యదు."

"ఎందుకని?"

"రోమింగ్ ఖర్చు. బడ్జెట్ వాళ్ళు ఒప్పుకోలేదు." ఆఖరి సీసా కూడా వేసేసి చేతులు దులుపుకుంది. "రేపు ఆగస్టు ఒకటి. జాతీయ దినోత్సవం. మన కొట్లన్నీ మూసేస్తారు, వాళ్ళవి తెరిచుంటాయి. దేశభక్తులందరూ అక్కడే ఉంటారు. వాళ్ళలో కలిసిపో."

*

మేజోళ్ళ మీద చెప్పులు, మోకాళ్ళ దాకా నిక్కరు, చక్రాల సంచీ. మర్నాడు కాన్‌స్టాంజ్ రేవులో దిగిన ఫ్లురిన్‌ని చూస్తే చవక టూత్‌పేస్టు కోసం వచ్చిన మామూలు సంసారి అనే ఎవరైనా అనుకుంటారు. ఈ వేషానికి అతను పెద్దగా కష్టపడలేదు. ఆ నిక్కరు అతని సొంతమే.

కఫేలో దూత లేడు. దూత కూర్చోవాల్సిన బల్ల దగ్గర సొలాంజ్ వియెమాన్ ఉంది.

నల్లకళ్ళద్దాలు, వెడల్పాటి టోపీ, ఎర్ర పెదవులు. ఆవిడ నడిచి వెళుతుంటే రేవులో పడవలవాళ్ళు తాడు వదిలేసి చూస్తారు. శాఖలో ఆరేళ్ళు ఫ్లురిన్‌కి జోడీ. ఒక చలికాలమంతా ఇద్దరూ కొండ ఊళ్ళో ఫ్లురిన్ వాళ్ళమ్మ ఇంటి అటక మీద కూర్చుని ఎదురింటి మీద నిఘా పెట్టారు. ఆ మూడు నెలల్లో ఫ్లురిన్ ఆవిడకి ఒక మాట చెబుదామనుకున్నాడు. చెప్పలేదు. ఆవిడ మాత్రం వాళ్ళమ్మ దగ్గర బార్లీ సూప్ చెయ్యడమూ, ఆ కొండ భాషలో తిట్టడమూ నేర్చుకుంది.

"ఏరా కొండమేకా, ఇంకా అదే నిక్కరా?" అంది.

"నువ్వేంటి ఇక్కడ?"

"ఎగ్లోఫ్ పంపింది. దూతగారికి పావుగంట ఆలస్యమట. నన్ను తోడుండమంది. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

ఫ్లురిన్ తాగాడు. సగం కప్పు అయ్యాక రేవులోని పడవలు రెండేసి కనబడసాగాయి. అమ్ముడుపోయింది ఎవరో అప్పుడు అర్థమైంది. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది అతనికి.

*

కళ్ళు తెరిచేసరికి వ్యాన్‌లో ఉన్నాడు.

కిటికీలకి నల్ల తెరలు. మధ్య సీటులో బెల్టు బిగించి కూర్చోబెట్టారు. ఒళ్ళో దుప్పటి, దుప్పటి కింద సంకెళ్ళు. స్టీరింగ్ దగ్గర సొలాంజ్. అతని పక్కన తెల్లసూటు మనిషి. వేళ్ళు పొడుగ్గా, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. దుప్పటి కిందనుంచి ఫ్లురిన్ పక్కటెముకలకి చల్లగా ఏదో తగులుతోంది. అది ఏమిటో చూడక్కర్లేకుండానే తెలిసింది.

"కెస్ట్రెల్" అన్నాడు ఆ మనిషి, పెళ్ళిలో పరిచయం చేసుకుంటున్నట్టు. "పన్నెండింటికి మీ బ్యాంకు ప్రకటన ఉందని విన్నాను. నాకు కావలసింది ఒక్క మాట, మిత్రమా. మూత ఉంటుందా, పోతుందా? అవతల ఒడ్డున, మీ దేశంలోనే, నా విల్లా ఉంది. అందులో నా మనిషి ఫ్రాంకులు కొనే మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. నేను స్వయంగా వెళ్ళి చెవిలో చెప్పాలి. ఈ చుట్టుపక్కల ఫోన్లన్నీ మీవాళ్ళు వింటారని మన సొలాంజ్ చెప్పింది. పావుగంట దారి."

వ్యాన్ కదలడం లేదు.

తెర సందులోంచి ఫ్లురిన్ బయటికి చూశాడు. ముందు కార్లు, వెనక కార్లు, పక్కన కార్లు. అన్నిటి మీదా స్విస్ నంబర్లే. డిక్కీలు మూతపడనంతగా సామాన్లు. ఒక కారు పైన మంచం కట్టారు. చెక్‌పోస్టు ఎక్కడో దూరంగా ఎండలో మెరుస్తోంది. ఇటు తిరగడానికి లేదు, అటు దిగడానికి లేదు. వ్యాన్ గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించి అతనికి ఊపిరాడలేదు.

డాష్‌బోర్డు మీద గడియారం పదకొండు దాటింది.

"ఇదేం ట్రాఫిక్!" కెస్ట్రెల్ విసుక్కున్నాడు. "నిన్న ఇదే రోడ్డు ఖాళీగా ఉంది."

"నిన్న జాతీయ దినోత్సవం కాదుగా" అంది సొలాంజ్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

కెస్ట్రెల్ పకపకా నవ్వాడు. "పొద్దున సూపర్‌మార్కెట్లో అన్న మాటే మళ్ళీ అంటున్నాను. తమ దేశపు పండగనాడు దేశం దేశమంతా పరాయి ఊళ్ళో సాసేజీల కోసం లైను కట్టింది! ఇలాంటి జాతిని అమ్ముకుంటే తప్పేముంది చెప్పు!"

స్టీరింగ్ మీద సొలాంజ్ వేళ్ళు బిగుసుకున్నాయి.

ఫ్లురిన్ తన ఒంటిని తడుముకోకుండా లెక్క చూసుకున్నాడు. పిస్టల్ పోయింది. పెన్నులో దాచిన కత్తి పోయింది. వాచీ పోయింది. వెతికింది సొలాంజే అయ్యుండాలి, ఇద్దరికే తెలిసిన లోపలి జేబు కూడా తిరగేసి ఉంది. నడుముకి బెల్టు మాత్రం అలాగే ఉంది. బకిల్ సంగతి శాఖలో అందరికీ తెలుసు. మరిచిపోయిందా? ఆరేళ్ళలో ఆవిడ ఏదీ మరిచిపోగా అతను చూడలేదు.

అప్పుడు కాళ్ళ దగ్గర చల్లగా తగిలింది. వంగి చూశాడు. సూపర్‌మార్కెట్ సంచులు. నిండా మాంసం. గొడ్డు మాంసం ముక్కలు, మసాలా పట్టించిన కోడి రెక్కలు, మూరల కొద్దీ సాసేజీలు.

"అందమైన ఏర్పాటు కదూ?" కెస్ట్రెల్ మురిసిపోయాడు. "మేమూ షాపింగ్ నుంచి వస్తున్న కుటుంబమే. రాత్రికి బార్బెక్యూ. ఆరు కిలోలు కొన్నాను. ఎవడికైనా అనుమానమొస్తుందా?"

ఫ్లురిన్ సంచుల వంక మళ్ళీ చూశాడు.

ఆ దేశంలో పుట్టిన ఏ మనిషీ ఆరు కిలోల మాంసంతో ఆ గేటు దగ్గరికి రాడు. తలకి కిలో. అంతకు మించితే కిలోకి పదిహేడు ఫ్రాంకుల సుంకం, ఆపైన కాగితాలు, ఆపైన పరువు. పెళ్ళాలు మొగుళ్ళనీ, మొగుళ్ళు ముసలి తల్లుల్నీ వెంట తెచ్చుకునేది కిలో లెక్కకి తల పనికొస్తుందనే. జూరా కొండల్లో పుట్టిన సొలాంజ్‌కి ఇది తెలీదా? తెలిసి నోరెందుకు మూసుకుంది?

"సరే" అన్నాడు కెస్ట్రెల్, జేబులోంచి చిన్న సిరంజి తీసి. "పన్నెండు దాటితే నువ్వు నాకు పనికిరావు. పనికిరానివాటిని నేను దాచుకోను."

సూది చురుక్కుమంది.

*

నిజం చెప్పించే మందు పనిచేసింది. అదే పెద్ద చిక్కు. ఫ్లురిన్ నోటివెంట నిజాలు ధారగా వచ్చాయి, కెస్ట్రెల్‌కి కావలసింది తప్ప.

"మా అమ్మకి ఫ్రాంకంటే ప్రాణం" అన్నాడు తల వాల్చి. "పెన్షన్ తక్కువ. అయినా శనివారం శనివారం ఇక్కడికొచ్చి రాణిలా తిరుగుతుంది. షాంపూ సగం ధర. కోడి మాంసం మూడో వంతు ధర. కిందటేడు సముద్రం చూసొచ్చింది. మా డబ్బు గట్టిది కాబట్టి కదా! మీ దేశాల్లో ముసలాళ్ళు దాచుకున్నది దాచుకున్నట్టే కరిగిపోతుంది. మా అమ్మది కరగలేదు."

"ఇది కాదు నేనడిగింది!"

"బ్యాంకు సంగతేగా? వస్తున్నా. మా అమ్మ జబ్బుకి మందు బయటినుంచి వస్తుంది. ఫ్రాంకు పెరిగితే దాని ధర తగ్గుతుంది. పెట్రోలు తగ్గుతుంది. అరటిపండ్లు తగ్గుతాయి..."

"మా నాన్న చేసే మరలు తగ్గవు" అంది సొలాంజ్ హఠాత్తుగా.

వ్యాన్ రెండు గజాలు కదిలి ఆగింది.

"వాచీల్లో పెట్టే మరలు. ధాన్యం గింజంత కూడా ఉండవు. మా నాన్న షెడ్‌లో పంతొమ్మిది మంది చేస్తారు వాటిని. అందులో సగం మంది నన్ను ఎత్తుకు తిప్పినవాళ్ళు. ధర ఫ్రాంకుల్లో పైసా పెంచలేదు. కానీ కొనేవాడి దేశంలో మా ధర పెరుగుతూనే ఉంది. మరలో లోపం లేదు, ధరలో లోపం లేదు. డబ్బు మరీ గొప్పదైపోయింది, అంతే. ఆ మూత ఒక్కటే మా నాన్న నెత్తిన గొడుగు. అది తీస్తే నెల తిరక్కుండా షెడ్‌కి తాళం."

"అందుకేనా నువ్వు..." అన్నాడు ఫ్లురిన్.

"అందుకే. కెస్ట్రెల్ ఇచ్చే వాటాతో షెడ్ పదేళ్ళు నడుస్తుంది. మీ అమ్మకి చవక షాంపూ, మా నాన్నకి తాళంకప్ప. ఇందులో న్యాయమెక్కడుందో చెప్పు."

మందు ఎక్కినవాడు అబద్ధం చెప్పలేడు కాబట్టి ఫ్లురిన్ ఉన్నదే చెప్పాడు. "లేదు. నాకు తెలీదు. నిన్ను ఆ అటక మీద పెళ్ళాడమని అడుగుదామనుకున్నాను. అదీ చెప్పలేదు."

అద్దంలో సొలాంజ్ కళ్ళు ఒక్క క్షణం అతని కళ్ళని పట్టుకుని వదిలేశాయి.

"ఇద్దరూ కలిసి నాటకమాడుతున్నారా?" కెస్ట్రెల్ ఫ్లురిన్ చెంపలు వాయించాడు. గడియారం పన్నెండుకి దగ్గర పడుతోంది. అతని నుదుటి మీద మొదటిసారి చెమట కనబడింది. "మూత! ఉంటుందా, పోతుందా?"

మందు ఇంకా లోతుకి దిగింది. వ్యాన్ పోయింది, ఎండ పోయింది. ఫ్లురిన్ కొండ ఊళ్ళో వాళ్ళమ్మ వంటింట్లో బల్ల మీద కాళ్ళూపుతూ కూర్చున్నాడు. ఎవరో ఏదో అడుగుతున్నారు. అడిగితే చెప్పాలి, వాళ్ళమ్మ అలాగే పెంచింది. చెప్పేశాడు. ఇవాళ మధ్యాహ్నం, పన్నెండింటికి, మూత తీసేస్తారు.

చెప్పాడు, కానీ ఆ వంటింట్లో మాట్లాడే రొమాన్ష్ భాషలో చెప్పాడు.

కెస్ట్రెల్‌కి ఏడు భాషలొచ్చు. నాలుగు లోయల్లో తప్ప ఇంకెక్కడా వినబడని ఈ భాష అందులో లేదు.

"ఏమన్నాడు? సొలాంజ్! ఏమన్నాడు వాడు?"

ఫ్లురిన్‌కి ఒక్కసారిగా తెలివొచ్చింది. ఆ భాష వచ్చిన మనిషి ఈ వ్యాన్‌లో ఇంకొకరున్నారు. ఆవిడకి ఆ మాట అక్షరం పొల్లుపోకుండా అర్థమై ఉంటుంది. ఆవిడ ఇప్పుడు నోరు తెరిస్తే పంతొమ్మిది మందికి పదేళ్ళ కూడు. మూసుకుంటే నెలలో తాళం.

సొలాంజ్ గేరు మార్చింది.

"వాళ్ళమ్మని పిలుస్తున్నాడు" అంది చివరికి. "ఆకలేస్తోందట."

"అయితే రెండో డోసు ఇస్తాను. గుండె ఆగితే ఆగుతుంది."

"శవంతో చెక్‌పోస్టు దాటుతావా? ముందు అవతలికి పోనీ. తర్వాత నీ ఇష్టం."

చెక్‌పోస్టు దగ్గర దారి రెండుగా చీలింది. ఎడమవైపు ఆకుపచ్చ బోర్డు, చూపించాల్సిన సరుకు లేనివాళ్ళకి. అక్కడ కార్లు కిక్కిరిసి ఉన్నాయి. కుడివైపు ఎర్ర బోర్డు, సరుకు చూపించేవాళ్ళకి. అక్కడ ఈగ కూడా లేదు. సొలాంజ్ కుడివైపు తిప్పింది.

"ఇదేమిటి?"

"లైను చిన్నది" అంది. అదీ నిజమే.

*

సుంకం అధికారి మీసాలకి నూనె రాసుకుని దువ్వుకున్నాడు. చొక్కా మీద ఓత్మార్ అని పేరు. కౌంటరు మీద పండగ బన్ను, దాని మీద గుచ్చిన చిన్న జెండా. పొద్దుట్నుంచీ ఎర్ర బోర్డు దగ్గరికి ఒక్కరూ రాక ఆయన మనసు చిన్నబుచ్చుకుని ఉంది. వ్యాన్‌ని చూడగానే మొహం విప్పారింది.

"నమస్కారమండీ. చూపించాల్సిందేమైనా ఉందా?"

ఫ్లురిన్ పక్కటెముకల్లో పిస్టల్ గట్టిగా నొక్కుకుంది. అరిస్తే మొదట చచ్చేది ఈ మీసాలాయనే. అతను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

కెస్ట్రెల్ ముందుకి వంగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "మాంసం, మిత్రమా! ఆరు కిలోలు! పండగ కదా!"

వెనకెక్కడో ఒక ఆడగొంతు కీచుమంది. "ఆరు కిలోలా!"

ఓత్మార్ పెన్ను కింద పెట్టాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఆయన అబద్ధాలే విన్నాడు. కుక్కకోసమన్నవాళ్ళున్నారు, అదసలు మాంసమే కాదన్నవాళ్ళున్నారు. ఆరు కిలోలని నిండు నోటితో ఒప్పుకున్న మొదటి మనిషి ఇతనే.

"తలకి కిలోనే సార్" అన్నాడు ఎంతో గౌరవంగా. "వ్యాన్ పక్కకి పెట్టండి. తూకం వెయ్యాలి."

"మిగతా మూడు కిలోలూ మీరే ఉంచేసుకోండి!"

ఓత్మార్ మొహం గంభీరమైంది. "అది లంచం కిందికొస్తుంది. దానికి వేరే ఫారం ఉంది."

వ్యాన్ రెండు సిమెంటు దిమ్మెల మధ్యకి వెళ్ళింది. ముందు గేటు దిగింది. వెనక గేటు కూడా దిగింది. ఫ్లురిన్ నడుము దగ్గర బకిల్ సన్నగా వణికింది. సరిహద్దు దాటారు. రోమింగ్ బెంగ తీరింది.

ఓత్మార్ సంచులు దించాడు. సాసేజీలు విడిగా తూచాడు. కోడి రెక్కల మీది మసాలా బరువు మాంసం బరువులోకి వస్తుందా రాదా అని పుస్తకం తిరగేశాడు. వస్తుందని తేలింది. "నిద్రపోతున్నాయన మీ కుటుంబమేనా? అయితే ఆయనకీ ఒక కిలో చెల్లుతుంది. నిద్రలో ఉన్నా హక్కు హక్కే."

"త్వరగా!" కెస్ట్రెల్ గొంతు చీలింది.

"త్వరపడితే తప్పు దొర్లుతుంది సార్."

ఇందాకటిదాకా ఫ్లురిన్‌కి ఊపిరాడనివ్వని వ్యాన్ అదే. ఇప్పుడు అందులో ఇరుక్కున్నది ఇంకొకడు. కెస్ట్రెల్ గేటు వంక చూశాడు, దిమ్మెల వంక చూశాడు, గడియారం వంక చూశాడు. అవతల ఒడ్డున విల్లా కప్పు కంటికి కనబడుతూనే ఉంది. గట్టిగా అరిస్తే వినబడేటంత దూరం. కానీ ఏమని అరుస్తాడు? అరవడానికి అతని దగ్గర మాట లేదు.

చర్చి గంటలు మోగాయి. పన్నెండు.

కౌంటరులో రేడియో సంగీతం ఆపింది. కేంద్ర బ్యాంకు మూత తీసేసిందని ఒక ఆడమనిషి మామూలు గొంతుతో చదివింది. ఆకుపచ్చ లైనులో కార్లలోంచి జనం దూకారు. ఒకాయన హారన్ మోగించాడు. ఒకావిడ వెనక్కి తిరిగి మళ్ళీ షాపుకి పోదామని మొగుణ్ణి పీకుతోంది. హోటల్ పేరు రాసి ఉన్న చిన్న వ్యానులోని మనిషి మాత్రం స్టీరింగ్ మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

కెస్ట్రెల్ తలుపు తోసుకుని కిందికి దూకాడు. పిస్టల్ ఎత్తేలోగా చక్రాల సంచీ ఒకటి వచ్చి అతని మోకాళ్ళకి తగిలింది. బోర్లా పడ్డాడు. తలెత్తేసరికి ఉల్లికాడల కట్టలోంచి పిస్టల్ గొట్టం అతని ముక్కు వైపే చూస్తోంది.

"కదలకు" అంది ఫ్రౌ ఎగ్లోఫ్. ఇందాక కీచుమన్న గొంతు ఆవిడదే.

"చీఫ్, మీరిక్కడ..." అన్నాడు ఫ్లురిన్ సంకెళ్ళతో దిగుతూ.

"దూత కఫేలో నువ్వు లేవని కబురంపాడు. వెతుక్కుంటూ వచ్చాను." సంచీ సర్దుకుంది. "వచ్చాను కదా అని నాలుగు సామాన్లు కూడా తీసుకున్నాను. నాది సరిగ్గా కిలో."

*

సంకెళ్ళు కెస్ట్రెల్ చేతికి మారాయి. కానీ ఓత్మార్ వదల్లేదు.

"అరెస్టు మీ సొంత విషయం. మాంసం ఈయనది. మూడు కిలోల సుంకం, యాభై ఒక్క ఫ్రాంకులు."

కెస్ట్రెల్ పళ్ళు కొరుకుతూ జేబులోంచి యాభై యూరోల నోటు విసిరాడు. ఓత్మార్ మెషీన్ మీద రేటు చూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూశాడు.

"ఇందాక కట్టుంటే ఇంకా తొమ్మిది ఫ్రాంకులు తిరిగొచ్చేవి సార్. ఇప్పుడు ఇది నలభై తొమ్మిదే. రెండు తక్కువ."

ప్రపంచ మార్కెట్లని ఆడించిన మనిషి రెండు ఫ్రాంకుల కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. దొరకలేదు.

సొలాంజ్ వ్యాన్ దిగి వచ్చింది. టోపీ తీసేసింది. కళ్ళద్దాలు తీసేసింది. ఎర్రబడ్డ కళ్ళతో కెస్ట్రెల్ నోటు అతని జేబులోనే కుక్కి, తన సంచీలోంచి వంద ఫ్రాంకుల నోటు తీసి ఓత్మార్ ముందు పెట్టింది. "నేను కొంటున్నాను. మొత్తం ఆరు కిలోలూ."

ఫ్లురిన్ ఆవిడ పక్కకి చేరాడు. "బెల్టు ఎందుకు వదిలేశావు?"

"చెయ్యి దానిమీదికి వెళ్ళింది, వెనక్కొచ్చేసింది. ఎందుకో అప్పటికి నాకే తెలీదు."

"మాంసం?"

"వాడు సాసేజీలు తీస్తుంటే, తలకి కిలోనేనని చెప్పబోయాను. అంతలో వాడు మనవాళ్ళని చూసి నవ్వాడు. పండగనాడు లైను కట్టారని. నేను తిట్టుకుంటాను వీళ్ళని. మా నాన్న తిట్టుకుంటాడు. వాడెవడు నవ్వడానికి?" ముక్కు ఎగబీల్చింది. "నోరు మూసుకున్నాను. అంతే. ఇంకేం ఆలోచించలేదు. ఆలోచించింది ఆ తర్వాత, నువ్వు మీ అమ్మ భాషలో వాగినప్పుడు. గేటు కనబడేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను."

ఎగ్లోఫ్ దగ్గరికొచ్చింది. "సొలాంజ్, నిన్ను కూడా తీసుకెళ్ళాలి."

"తెలుసు."

ఎగ్లోఫ్ ఆవిడ మొహం వంకా, ఓత్మార్ కడుతున్న మాంసం సంచుల వంకా చూసింది. "అయితే ఇవాళ సెలవు. అరెస్టు కాగితాలిచ్చే క్లర్కు రేపు ఉదయం కానీ రాడు. కాడుఫ్, నువ్వు వెంట ఉండి రేపు పొద్దున తీసుకురా."

సొలాంజ్ తిరిగి ఇచ్చిన ఫోన్ ఫ్లురిన్ జేబులో మోగింది. వాళ్ళమ్మ.

"ఒరేయ్, రేడియో విన్నావా? మన ఫ్రాంకు చూశావా ఎలా లేచిందో! శనివారం కాన్‌స్టాంజ్ పోదామా?"

"ఏం కావాలమ్మా?"

"ఏదో ఒకటి. ఇంత చవకలో కొనకపోతే ఎలా?"

ఫ్లురిన్‌కి సంతోషమేసింది. ఆ సంతోషానికి సిగ్గు కూడా వేసింది. తర్వాత చేస్తానని ఫోన్ పెట్టేశాడు.

వ్యాన్ జూరా కొండల దారి పట్టింది. ఈసారి రోడ్డు ఖాళీగా ఉంది. ఊళ్ళలో ఇళ్ళ ముందు జెండాలు, పొలాల్లో సాయంత్రం మంటలకి పేర్చిన కట్టెలు. కాళ్ళ దగ్గర ఆరు కిలోల మాంసం కరుగుతోంది. ఫ్లురిన్ అడిగాడు.

"మీ నాన్నకి ఏమని చెబుతావు?"

"ముందు నిప్పులు రాజెయ్యమని చెబుతాను" అంది సొలాంజ్. "ఆ పంతొమ్మిది మందినీ పిలవమని చెబుతాను. మిగతాది అందరూ తిన్నాక చెబుతాను. సుంకం కట్టిన మాంసం కదా, వేడిగా తినాలి."